గార్డును చూసే కన్ను
(స్వర్ణోత్సవ సభలో బాస్కెట్‌బాల్ శిక్షకుడైన ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

 

"మీ ఆట గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు నిర్వాహకులు. శిక్షకుడి పనిలో సగం నేర్పడం, సగం చూడడం. ఒక పిల్లవాడిలో ఏముందో, ఏం కొరవడిందో గమనించి కాగితం మీద పెట్టాలి. మా గురువులు ఏటా ప్రోగ్రెస్ కార్డుల్లో చేసే పనీ అదే. అందుకే ఆ చూపు గురించే మాట్లాడతాను.

బాస్కెట్‌బాల్‌లో బంతిని ముందుకు తెచ్చి, ఎవరికి ఎప్పుడు అందించాలో నిర్ణయించేవాడు గార్డు. సాధారణంగా జట్టులో పొట్టివాడు వాడే. కుర్ర గార్డును చూసేటప్పుడు నేను పాయింట్లు లెక్కపెట్టను. డ్రిబుల్ చేస్తుంటే కళ్లు బంతి మీదున్నాయా, కోర్టు మీదున్నాయా? కుడివైపు దారి మూసేస్తే ఎడమచేత్తో వెళ్లగలడా? ఇద్దరు మీదపడితే ఖాళీగా ఉన్న తోటివాడు కనబడుతున్నాడా? పాస్ తప్పిపోయాక తల పట్టుకుని నిలబడ్డాడా, కాపు కాయడానికి వెనక్కి పరుగెత్తాడా? వీటి తర్వాతే పాయింట్లు.

ఇలాంటి అంచనాలు పెద్దపెద్దవాళ్లకే ఎలా తలకిందులయ్యాయో చెబుతాను. 2009 జూన్‌లో అమెరికాలో ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకున్నాయి. అందులో స్టీఫెన్ కరీ అనే 21 ఏళ్ల గార్డు ఉన్నాడు. తండ్రి డెల్ కరీ 16 సీజన్లు ఎన్‌బీఏలో ఆడినవాడే. అయినా పెద్ద కాలేజీలు పట్టించుకోకపోతే డేవిడ్‌సన్ అనే చిన్న కాలేజీలో చేరాడు. అతని మీద నిపుణుల అనుమానాలు ఇవి: ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలే (మన బడిలోనైతే ఆకాశం, అక్కడ సామాన్యం), ఒళ్లు సన్నం, బలమైనవాళ్లను కాయలేడు, షాట్లు వేస్తాడు సరే, జట్టును నడపగలడా? మిన్నెసోటా జట్టు 5, 6 స్థానాల్లో వరసగా ఇద్దరు గార్డులనే తీసుకుని ఇతణ్ణి వదిలేసింది. 7వ స్థానంలో గోల్డెన్ స్టేట్ తీసుకుంది.

ఆ అనుమానాల్లో ఏదీ పచ్చి అబద్ధం కాదు. చిక్కల్లా అన్నిటినీ ఒకే గాటన కట్టడంలో ఉంది.

ఎత్తు మారదు. కానీ దానికి విరుగుడు అతను హైస్కూల్లోనే సంపాదించాడు. అప్పట్లో బంతిని నడుము దగ్గర నుంచి విసిరేవాడు. పొడుగువాళ్లు అడ్డుకుంటారని తండ్రి ఒక వేసవంతా కూర్చోబెట్టి, తల మీద నుంచి వదిలేలా షాట్‌ను మొదటి నుంచీ మార్పించాడు. అంత త్వరగా చేతిలోంచి బంతి వెళ్లిపోయేవాడికి ఎత్తు తక్కువైనా నడుస్తుంది.

జట్టును నడపగలడా అన్నదానికీ జవాబు ఉంది. డేవిడ్‌సన్‌లో మొదటి రెండేళ్లు ఆ పని వేరే ఆటగాడిది. అతను వెళ్లిపోయాక మూడో ఏడు కరీ చేతికి వచ్చింది. ఆ సీజన్‌లో సగటున 28.6 పాయింట్లతో దేశంలో మొదటివాడయ్యాడు. అయిదుకు పైగా అసిస్టులూ ఇచ్చాడు. అవకాశం రాకపోవడాన్ని చేతకానితనమని రాసేయకూడదు.

సాధనతో తీరే లోపాలు వేరు. 2011-12లో చీలమండ గాయాలతో 26 ఆటలే ఆడాడు. తర్వాత తుంటి, కాళ్ల కండరాలు గట్టిపరుచుకుని నిలదొక్కుకున్నాడు. ఇక డిఫెన్స్‌లో ఎదుటి జట్లు ఎన్నో ఏళ్లు అతణ్ణి వెతికి మరీ దాడి చేశాయి. ఆ లోటు ఉండగానే 2015, 2017, 2018, 2022లో అతని జట్టు గెలిచింది. పక్కన బాగా కాచేవాళ్లను నిలబెట్టి, ఆ లోటును జట్టంతా పంచుకుంది.

సన్నగా ఉన్న ప్రతి పిల్లవాడూ కరీ అవుతాడని చెబితే మోసం చేసినట్టే. లోపాన్ని దాచమనీ నేననను. ఎడమచెయ్యి రాదంటే రాదనే చెప్పాలి. అయితే రాసేటప్పుడు మూడు వరసలు గీయండి: మారనిది, సాధనతో మారేది, ఇంకా అవకాశం ఇచ్చి చూడనిది. రెండో వరసలో ప్రతి మాట పక్కనా రేపటి నుంచి ఏం చేయాలో రాయండి. "నిదానంగా ఉంటాడు" అన్న మాటతో పిల్లవాడు ఏం చేసుకుంటాడు? "రోజూ ఇరవై నిమిషాలు ఎడమచేత్తో డ్రిబుల్" అంటే చేస్తాడు.

మన దగ్గర ఎంపికలు ఒక్క పూటలో అయిపోతాయి. పొడుగువాళ్లను ముందు వరసలోకి పిలుస్తారు. చక్కగా పాస్ ఇచ్చే పొట్టి పిల్ల పది నిమిషాలు ఆడి ఇంటికి వెళుతుంది, మళ్లీ రాదు. లెక్కల్లోనూ, ఇంగ్లీషులోనూ ఇలా మళ్లీ రానివాళ్లు మన తరగతుల్లో ఎందరున్నారో గురువులకు నేను చెప్పాలా?

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. జూబ్లీ నిధిలో కొంత తీసి కోర్టుకు రెండు దీపాలు పెట్టిద్దాం. సాయంత్రం మరో గంట ఆడనిద్దాం. ఈసారి ఎంపికలో మిగిలిపోయినవాళ్లను ఆరు నెలల తర్వాత మళ్లీ పిలిచి చూద్దాం. ఆ రోజు చూడ్డానికి నేనొస్తాను, ఖర్చు నాదే.