బ్రౌజరు చాటుమాటు రాకపోకలు – మన జాగ్రత్తలు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్లము. నోరు తెరిస్తే ముందు ఉర్దూయే వస్తుంది. అయినా ఈ సంగతి తెలుగులోనే చెప్పాలని, సావనీరులో తెలుగులోనే అచ్చు వేయాలని కార్యవర్గం వారు పట్టుబట్టారు. మన ఇళ్లలో ఉర్దూ లిపి చదవలేని పిల్లలు ఎక్కువవుతున్నారన్నది వారి బాధ. ఆ మాట నిజమే గనుక ఒప్పుకున్నాము. భాషలో తప్పులుంటే పెద్దలు మన్నించాలి, పిల్లలు నవ్వుకోవచ్చు.

ముందు మా తప్పు ఒకటి మీ ముందు పెట్టాలి. ఆ తరువాతే మిగతా మాటలు.

పోయిన సంవత్సరం ఒక సాయంత్రం మన ట్యూషన్ గదిలో ఒక ఆటో డ్రైవరుగారి అమ్మాయి స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపుతున్నది. అదే ఆఖరు రోజు. కంప్యూటరు ఎవరో ఇచ్చిన పాత లాప్‌టాప్. ఇంటర్నెట్టు మా ఫోనులోది, హాట్‌స్పాట్ పెట్టి ఇచ్చాము. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు. మధ్యాహ్నం దాకా మేము ఏమీ వాడలేదు. దరఖాస్తులో సర్టిఫికెట్లు ఎక్కించే సమయానికి ఫోనుకు సందేశం వచ్చింది – ఈ రోజు కోటా అయిపోయిందని. ఆ పైన వేగం ఎంతో మీకు తెలుసు. తెర మీద చక్రం గిర్రున తిరుగుతూనే ఉన్నది, పేజీ రాదు. అమ్మాయి కళ్లలో నీళ్లు.

ఆ లాప్‌టాప్ దగ్గర అంతకుముందు గంటసేపు ఒక తొమ్మిదో తరగతి పిల్లవాడు కూర్చుని ఉన్నాడు. మేము వెనకా ముందూ చూడకుండా, "నువ్వే సినిమాలు చూసి ప్యాకు ఖాళీ చేశావు" అని నలుగురిలో వాణ్ణి గద్దించాము. వాడు "నై సాబ్, లెక్కలే చేసుకున్నా" అన్నాడు. మేము నమ్మలేదు. పక్క దుకాణం భాయి తన ఫోను ఇచ్చి పుణ్యం కట్టుకున్నాడు, దరఖాస్తు రాత్రి పదకొండు దాటాక వెళ్లింది. పిల్లవాడు మాత్రం మరునాటి నుంచి ట్యూషన్‌కు రావడం మానేశాడు.

మూడు రోజుల తరువాత మనసు ఊరుకోక ఆ లాప్‌టాప్‌లో ఏ ప్రోగ్రాము ఎంత డేటా వాడిందో చూపే లెక్క తీసి చూశాము. అందులో సినిమా లేదు. బ్రౌజరు తెరవగానే అంతకుముందు వారం ఎవరో వదిలిపెట్టిన పదకొండు ట్యాబులు దానంతట అదే మళ్లీ తెరిచింది. వాటిలో రెండు వార్తల పేజీలు. ఆ పేజీలలో వీడియోలు ఎవరూ నొక్కకుండానే ఆడుతున్నాయి. ఇవి చాలదన్నట్టు బ్రౌజరు తన కొత్త వెర్షను తాను దింపుకుంటున్నది, విండోస్ తన అప్‌డేట్లు తాను దింపుకుంటున్నది. పిల్లవాడు లెక్కలు చేసుకుంటూనే ఉన్నాడు. తెర వెనుక కోటా కరిగిపోయింది.

మేము వాళ్ల ఇంటికి వెళ్లి, వాడి తండ్రి ఎదుటనే వాడికి మాఫీ చెప్పుకున్నాము. వాడు తిరిగి వచ్చాడు. ఈ ప్రసంగానికి మూలం ఆ పిల్లవాడే. తెలియని తనం వల్ల ఒక బిడ్డ మీద నింద వేశామే, ఆ తెలియని తనం మరో ఇంట్లో మరో బిడ్డ మీద పడకూడదన్నదే మా కోరిక.

ఇక అసలు విషయానికి వద్దాము. మనం అడ్రసు కొట్టినప్పుడే బ్రౌజరు బయటికి వెళ్తుందని అనుకుంటాము. అది సగం నిజం. మనం అడగకుండా అది వెళ్లే పనులు చాలా ఉన్నాయి.

ఒకటి, తన కొత్త వెర్షను వచ్చిందా అని విచారించడం. రెండు, మోసపు సైట్ల జాబితాతో సరిచూసుకోవడం. మూడు, ఊహించడం: ఈ మనిషి తరువాత ఏ లింకు నొక్కుతాడో అని తానే అంచనా వేసి, ఆ సైటుతో ముందుగానే సంబంధం కలుపుకోవడం, ఒక్కొక్కసారి పేజీనే ముందుగా తెచ్చిపెట్టుకోవడం. నాలుగు, మనం అడ్రసు గడిలో అక్షరాలు కొడుతుండగానే వాటిని వెతుకుడు కంపెనీకి పంపి సూచనలు తేవడం. ఐదు, మనం బ్రౌజరును ఎలా వాడుతున్నామో దాని తయారీదారుకు నివేదికలు పంపడం. ఆరు, కొత్త ట్యాబు తెరవగానే వార్తలు, బొమ్మలు తెచ్చి పరచడం. ఏడు, మనం ఎప్పుడో "అలౌ" నొక్కిన సైట్ల నోటిఫికేషన్లు మోసుకురావడం.

వీటిలో ఖర్చు వేరు, గుట్టు వేరు. రెండూ కలపకూడదు. ఊహించి కలుపుకునే సంబంధాలు డేటా లెక్కలో తులాల్లో ఉంటాయి. దానంతట అదే ఆడే వీడియోలు, అప్‌డేట్లు మణుగుల్లో ఉంటాయి. ప్యాకు అయిపోయిందంటే ముందు మణుగులను వెతకండి. కాని గుట్టు సంగతిలో తులం కూడా తులమే. మనం తొక్కని గుమ్మం దగ్గర కూడా మన ఫోను అడ్రసు నమోదవుతుంది గదా!

మన గల్లీలలో వీధి తలుపుకు పర్దా ఉంటుంది. అన్న వచ్చినా, అల్లుడు వచ్చినా బయట నిలబడి ఒక కేక వేసి, లోపలి నుంచి జవాబు వచ్చాకనే పర్దా ఎత్తుతాడు. షాలిబండలో అయినా, యాకుత్‌పురాలో అయినా అదే మర్యాద. మన జేబులోని ఫోను మాత్రం లోపలి మాట బయటికి తీసుకుపోవడానికి మనల్ని ఒక్కసారి కూడా అడగదు.

ఇదంతా ఊహ కాదని చెప్పడానికి మన ఊరితో సంబంధం ఉన్న ఒక ఉదాహరణ ఉన్నది. యూసీ బ్రౌజరు పేరు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తక్కువ డేటాతో పేజీ త్వరగా వస్తుందని మన ఇలాకాలో పాత ఫోన్లన్నింటిలో అదే ఉండేది. చైనాలోని అలీబాబా సంస్థది. కెనడాలో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్ వారు 2015లో దాన్ని పరీక్షించారు. దాని చైనీస్ వెర్షను ఫోను గుర్తింపు నంబర్లు, సిమ్ము నంబరు, ఉన్న చోటు సరైన రక్షణ లేకుండా బయటికి పంపుతున్నదని, ఇంగ్లీషు వెర్షను మనం వెతికే మాటలను సంకేత భాషలోకి మార్చకుండానే పంపుతున్నదని వారు ప్రకటించారు. 2017 ఆగస్టులో మన దేశ ప్రభుత్వానికి కూడా ఆ బ్రౌజరు మీద ఫిర్యాదులు వచ్చాయి. వాటి సాంకేతిక పరీక్ష మన హైదరాబాదులోని సీడాక్ సంస్థ చేస్తున్నదని పత్రికలు రాశాయి. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో యూసీ బ్రౌజరు కూడా ఉన్నది.

అదే 2017 ఆగస్టులో, 24వ తేదీన, సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం జస్టిస్ పుట్టస్వామి కేసులో తీర్పు ఇచ్చింది. మనిషి గోప్యత రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు అన్నది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణకు పార్లమెంటు చట్టం కూడా చేసింది. చట్టం దాని పని అది చేస్తుంది. తలుపు గడియ మాత్రం మన చేతిలోనే ఉన్నది.

తక్కిన బ్రౌజర్లు అన్నీ ఒకటే అని మేము అనడం లేదు. ఐర్లండులో ట్రినిటీ కాలేజీకి చెందిన డగ్లస్ లీత్ అనే ఆచార్యులు 2020లో ఆరు బ్రౌజర్లు తమ తయారీదారులకు ఏమేమి పంపుతున్నాయో పోల్చి చూశారు. బ్రేవ్ అన్నది అందరికంటే తక్కువ మాట్లాడుతున్నదన్నారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మధ్య వరుసలో నిలిచాయి. ఎడ్జ్, యాండెక్స్ వెనుక వరుసలో నిలిచాయి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీలలో తయారీదారు పెట్టి ఇచ్చిన సెట్టింగులను వాడేవారు మార్చుకుంటే గుట్టు మెరుగుపడుతుందని కూడా ఆయన చూపించారు. మనకు కావలసిన మాట అదే.

ఇప్పుడు చేతితో చేసుకునే పని. మెనూ పేర్లు వెర్షనును బట్టి కొంచెం అటూ ఇటూ ఉండవచ్చు.

మన ఇళ్లలో ఎక్కువగా ఉన్న ఆండ్రాయిడ్ ఫోనులో క్రోమ్ తీసుకుందాము. పై మూల మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌కు వెళ్లండి. ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో ప్రీలోడ్ పేజెస్ అని ఉంటుంది. అక్కడ నో ప్రీలోడింగ్ ఎంచుకోండి. ఊహించి ముందే పరుగెత్తే అలవాటు దానితో ఆగుతుంది. గూగుల్ సర్వీసెస్ అన్నచోట వెతుకుడు సూచనలను మెరుగుపరచడం, క్రోమ్‌ను మెరుగుపరచడానికి సహకరించడం అనే మీటలు ఉంటాయి. వాటిని ఆపివేయండి. కొత్త ట్యాబులో వచ్చే వార్తల పట్టీని కూడా అక్కడే దాని పక్కనున్న గుర్తు నొక్కి మూసివేయవచ్చు.

తరువాత సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్. ఇది అమ్మలు ముఖ్యంగా వినాలి. మాకు తెలిసిన ఒక ఖాలాకు రోజూ పది సార్లు "మీ ఫోనులో వైరస్ ఉన్నది, వెంటనే నొక్కండి" అని వస్తుండేది. ఆమె భయపడి ఫోనును అన్నం మూకుడు పక్కన బోర్లించి పెట్టుకునేవారు. తీరా చూస్తే వంటల సైటు ఒకదానికి ఎప్పుడో "అలౌ" నొక్కి ఉన్నారు. ఆ జాబితాలో తెలియని సైట్లను తీసివేశాము. భయం పోయింది. వైరస్ అన్నది లేనే లేదు.

ఫోను సెట్టింగ్స్‌లో యాప్స్‌కు వెళ్లి, బ్రౌజరు పేరు నొక్కి, మొబైల్ డేటాలో బ్యాక్‌గ్రౌండ్ డేటాను ఆపవచ్చు. మనం చూడనప్పుడు ఎంత వాడిందో కూడా అక్కడే కనబడుతుంది. పిల్లల మీద కోపం తెచ్చుకునే ముందు ఆ అంకె ఒకసారి చూడండి. మేము చూడలేదు, సిగ్గుపడ్డాము.

కంప్యూటరు విషయం. క్రోమ్‌లో సెట్టింగ్స్, సిస్టమ్‌లో, బ్రౌజరు మూసిన తరువాత కూడా దాని యాప్‌లు నడవనివ్వడం అనే మీట ఉంటుంది. దాన్ని ఆపండి. తెరవగానే పాత ట్యాబులు కాక కొత్త ట్యాబు ఒక్కటే వచ్చేటట్టు పెట్టుకోండి. అవసరం లేని ఎక్స్‌టెన్షన్లు తీసివేయండి. ఫోను హాట్‌స్పాట్‌తో పనిచేసేటప్పుడు విండోస్ వైఫై సెట్టింగుల్లో మీటర్డ్ కనెక్షన్ అని పెడితే, ఇది కొలిచి ఇచ్చే నీళ్లని తెలుసుకుని విండోస్ తన అప్‌డేట్లను చాలావరకు ఆపుకుంటుంది. మన ట్యూషన్ గదిలో ఇప్పుడు అలాగే ఉన్నది.

ఫైర్‌ఫాక్స్ వాడేవారు ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో డేటా సేకరణ గుర్తులు తీసివేయవచ్చు. అందులో దానంతట అది కలుపుకునే సంబంధాలను ఒక్కొక్కటిగా ఎలా ఆపాలో మొజిల్లా వారే తమ సహాయ పుటలో రాసి పెట్టారు. అయితే లోపలి మీటలు తెలిసిన పిల్లల చేతనే మార్పించండి.

ఆపకూడనివి రెండు ఉన్నాయి, ఇది గట్టిగా గుర్తు పెట్టుకోండి. అప్‌డేట్లు ఆపవద్దు, మోసపు సైట్ల హెచ్చరిక ఆపవద్దు. దొంగ రాకపోకలు ఆపుదామని కాపలావాణ్ణి పంపివేస్తే ఎట్లా? అప్‌డేటు డేటా తింటుందనుకుంటే, వారానికి ఒకసారి వైఫై ఉన్నచోట చేసుకోండి. ఇంకొక అపోహ ఉన్నది. ఇన్‌కాగ్నిటో తెరిస్తే అన్నీ ఆగిపోతాయని మన కుర్రవాళ్లు అనుకుంటారు. అది ఈ ఫోనులో చరిత్ర దాచకుండా ఉంటుంది, అంతే. బయటికి పోయేవి పోతూనే ఉంటాయి. అలాగే క్రోమ్‌లో లైట్ మోడ్ పెట్టుకోమని ఇప్పటికీ సలహా ఇచ్చేవారున్నారు. దాన్ని 2022 మార్చిలోనే తీసివేశారు. వెతికి లాభం లేదు.

ఇవన్నీ ఆపితే ఒకటి రెండు పేజీలు కాస్త ఆలస్యంగా తెరుచుకోవచ్చు. అంతకంటే నష్టమేమీ లేదు. రెండు నిముషాలు ఓపిక పట్టడం మన పెద్దలు మనకు నేర్పిన విద్యే.

చివరగా కార్యవర్గానికి మా విన్నపం ఒకటి. నెలకు ఒక సాయంత్రం మన ట్యూషన్ గదిలో కూర్చుని, ఎవరు ఫోను తెచ్చినా ఈ మీటలు చూపించి సరిచేసి ఇద్దాము. ఫీజు లేదు. ఆడవాళ్ల ఫోన్లు చూడడానికి మన కాలేజీ అమ్మాయిలు ఇద్దరు ముందుకు వచ్చారు. మగవాళ్ల వైపు ఎవరు చూస్తారని అడిగితే, అందరికంటే ముందు చెయ్యి ఎత్తినవాడు ఎవరో తెలుసా? మేము నింద వేసిన ఆ తొమ్మిదో తరగతి పిల్లవాడే. ఇప్పుడు పదిలో ఉన్నాడు. వాడి పక్కన కూర్చుని మేము కూడా నేర్చుకుంటాము.