పిల్లలతో హైదరాబాద్ మారుతున్నారా? ఏ ఏరియా అన్నది ఇలా తేల్చుకోండి

ఈ ఎపిసోడ్ చిన్న పిల్లలతో హైదరాబాద్‌కి మారుతున్నవాళ్ల కోసం. ట్రాన్స్‌ఫర్ వచ్చిందనో, కొత్త ఉద్యోగం వచ్చిందనో తెలియగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఏ ఏరియా బాగుంటుంది?" మణికొండా, నిజాంపేటా, కొంపల్లా, ఉప్పలా అని.

నన్నడిగితే ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలండి. మధ్యాహ్నం పన్నెండింటికి స్కూల్ నుంచి ఫోన్ వస్తుంది, "బాబుకి జ్వరంగా ఉంది, తీసుకెళ్లండి" అని. అరగంటలో అక్కడికి ఎవరు వెళ్లగలరు? దీనికి జవాబుగా ఇంట్లో ఒక మనిషి పేరు చెప్పగలిగితే, ఏరియా సగం తేలిపోయినట్టే.

ఎందుకంటే, ఆ పేరు ముందే అనుకోకపోతే ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ఫోన్ అమ్మకే వస్తుంది. అమ్మ ఆఫీసు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్నా సరే, పర్మిషన్ అడిగి పరిగెత్తేది ఆమే. నెలకి రెండు మూడుసార్లు అలా అయితే, ఏడాది తిరిగేసరికి "ఎందుకొచ్చిన తిప్పలు, మానేయరాదూ" అనే మాట ఇంట్లో మొదలవుతుంది. చాలామంది ఆడవాళ్ల ఉద్యోగం అలాగే పోతుందండి. బయటికి మాత్రం "పిల్లల కోసం మానేసింది" అంటారు. అసలు కారణం ఇంటి అడ్రసు!

మా సంగతే చెప్తాను. మేం వైజాగ్ నుంచి వచ్చేటప్పటికి బాబుకి ఐదేళ్లు, పాపకి ఏడాదిన్నర. మా ఆయన ఆఫీసు గచ్చిబౌలి, నాది బేగంపేట. మా ఆడపడుచు వాళ్లు ఉండేది నిజాంపేటలో. "మనవాళ్లంతా ఇక్కడే ఉన్నారు, అద్దెలు కూడా తక్కువ, వచ్చేయండి" అన్నారు. ఇది తీసిపారేసే మాట కాదండి. దగ్గర్లో మన మనిషి ఉండడం పిల్లల ఇంటికి పెద్ద బలం. కానీ వాళ్లిద్దరూ కూడా ఉద్యోగస్తులే. పన్నెండింటి ఫోన్‌కి వాళ్లు కూడా రాలేరు. అందుకని, "ఫోన్ వస్తే నేను వెళ్తాను" అని మా ఆయన ముందుకొచ్చారు. అప్పుడిక వెతకాల్సింది గచ్చిబౌలికి అరగంట లోపు, నేను బేగంపేటకి రోజూ వెళ్లిరాగలిగే చోటు.

మణికొండ చూశాం. అక్కడి నుంచి రాయదుర్గం మెట్రో దాకా ఆటో, ఆ తర్వాత బేగంపేటకి ఒకటే రైలు. కుదిరేదే. కానీ మా బడ్జెట్‌కి దొరికిన అపార్ట్‌మెంట్‌లో వేసవిలో బోరు ఎండిపోతుందని వాచ్‌మన్ చెప్పాడు. చివరికి చందానగర్‌లో దిగాం. లింగంపల్లి నుంచి బేగంపేటకి ఎంఎంటీఎస్ ఉంది. మెట్రోలా నిమిషాల మీద రాదు, టైమ్ చూసుకుని బయల్దేరాలి. నిజాంపేట కన్నా అద్దె 6,000 ఎక్కువ పడింది. స్కూల్ నడిచి వెళ్లే దూరం కాబట్టి బస్సు ఫీజు మిగిలింది. స్కూల్ ఫారంలో మొదటి ఫోన్ నంబరు మా ఆయనది రాశాం. ఆ ఒక్క గడిలో ఎవరి నంబరు రాస్తామన్నది చిన్న విషయం కాదండి.

ఇక మ్యాప్ విషయానికి వద్దాం. ఫోన్‌లో కిలోమీటర్లు చూసి మోసపోకండి. మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి రోడ్డు మీద దగ్గరే. మెట్రోలో వెళ్లాలంటే మాత్రం అమీర్‌పేట దాకా వెళ్లి, రైలు మారి, మళ్లీ వెనక్కి రావాలి. ఉప్పల్ చూడడానికి ఊరికి అటు చివర ఉంటుంది, కానీ అక్కడ ఎక్కితే రాయదుర్గం దాకా రైలు మారే పనే లేదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఇల్లు అంటే అందరికీ మోజు. అయితే ఔటర్ మీదకి టూ వీలర్లని రానివ్వరు. మీకున్నది స్కూటీ మాత్రమే అయితే ఆ రోడ్డు ఉన్నా మీకు లేనట్టే, సర్వీస్ రోడ్డే గతి.

పిల్లల బస్సు సంగతి కూడా లెక్కేయండి. "స్కూల్ పది కిలోమీటర్లే కదా" అంటారు. బస్సు తిన్నగా పోదు కదండీ, సందు సందుకీ ఆగుతుంది. పొద్దున గంట, సాయంత్రం గంట అనుకుందాం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా ఏడాదికి కనీసం 200 పని దినాలు ఉండాలి. అంటే 400 గంటలు మీ ఐదేళ్ల పిల్లాడు బస్సులోనే కూర్చుంటాడు. ఆ టైమ్‌లో ఆడుకోవచ్చు, నిద్రపోవచ్చు, నాన్నమ్మతో వీడియో కాల్ మాట్లాడొచ్చు. పేరున్న స్కూల్ కోసం ఆ 400 గంటలు ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ ఇస్తున్నామని తెలిసి ఇవ్వండి. చిన్న క్లాసులకి మాత్రం దగ్గర స్కూలే మేలని నా అభిప్రాయం. కాస్త పెద్దయ్యాక మార్చుకోవచ్చు.

ఇల్లు చూడడానికి ఆదివారం వెళ్లకండి. ఆదివారం పొద్దున హైదరాబాద్‌లో అన్నీ దగ్గరే! మామూలు రోజున ఉదయం ఎనిమిదింటికి ఒకసారి, సాయంత్రం ఆరున్నరకి ఒకసారి వెళ్లండి. వెళ్లినప్పుడు ఓనర్‌ని కాదు, వాచ్‌మన్‌నీ, కింద కిరాణా కొట్టాయన్నీ అడగండి. మార్చి నుంచి జూన్ దాకా రోజుకి ఎన్ని ట్యాంకర్లు వస్తాయి? ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిసే ఉందా, విడిగా కట్టాలా? 2020 అక్టోబర్ వానలకి ఈ సందులో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి? ఆ ఏడాది చెరువుల కింద ఉన్న కాలనీలు చాలా మునిగాయి. పిల్లలున్న ఇల్లు నాలా పక్కన గ్రౌండ్ ఫ్లోర్‌లో వద్దండి, అద్దె ఎంత తక్కువైనా సరే.

ఇంకో రెండు చూసుకోండి. రాత్రి తొమ్మిది తర్వాత కూడా దొరికే పిల్లల డాక్టర్ ఎంత దూరంలో ఉన్నారు? సాయంత్రం పిల్లలు ఎక్కడ ఆడుకుంటున్నారు? పార్కు ఉండి తాళం వేసి ఉంటే లెక్కలోకి రాదు. ఆరింటికి కింద నలుగురు పిల్లలు సైకిల్ తొక్కుతూ కనిపించారా, అది మంచి గుర్తు. కొత్త ఊళ్లో మీకన్నా ముందు స్నేహితులు కావాల్సింది పిల్లలకే. వాళ్లకి దొరికితే ఆ అమ్మానాన్నలు మీకూ పరిచయం అవుతారు. రేపు రైలు లేటైతే "మా పాపని పది నిమిషాలు చూస్తారా" అని అడగడానికి ఒక తలుపు ఉంటుంది.

ఇవన్నీ ఒకేచోట దొరకవు. దొరికినా అద్దె మన చేతిలో ఉండదు. అందుకే ఇళ్లు చూడ్డం మొదలుపెట్టే ముందే ఇద్దరూ కూర్చుని, ఏది వదులుకోగలరో ఏది వదులుకోలేరో ఒక కాగితం మీద రాసుకోండి. బాల్కనీ, మూడో బెడ్‌రూమ్, మెయిన్ రోడ్డు, ఇవి వదులుకోవచ్చు. ఎవరి ఉద్యోగమైనా సరే, వదులుకోవాల్సిన వాటిలో రాయకండి. మొదటిసారి సొంతిల్లు కొనకుండా, పదకొండు నెలల అగ్రిమెంట్ మీద అద్దెకి దిగండి. ఒక వేసవి, ఒక వానాకాలం చూస్తే ఆ ఏరియా మీకు సరిపోతుందో లేదో అదే చెప్తుంది.

మీకు తెలిసినవాళ్లెవరైనా పిల్లలతో ఊరు మారుతుంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. అడ్వాన్సు ఇవ్వకముందే పంపండి సుమా! ఉంటానండి, మళ్లీ కలుద్దాం.