గేటు దాటాక బడి అధికారం
(విద్యా సదస్సులో అధ్యక్షోపన్యాసం)



పాఠ్యప్రణాళికల మీద, బోధనా భాష మీద మాట్లాడడానికి ఈ రెండు రోజుల్లో నాకన్నా సమర్థులు చాలామంది ఉన్నారు. నేను మాత్రం మన సదస్సుల్లో ఎప్పుడూ పక్కకు తప్పుకుపోయే ఒక ప్రశ్న ఎత్తుకుంటాను. మత సంస్థలు నడిపే ప్రైవేటు బడులు, కళాశాలలు తమ ఆవరణ దాటాక కూడా విద్యార్థి నడవడిని శాసించవచ్చా? ఇంట్లో, బజారులో, స్నేహితుల గదిలో, ఇప్పుడైతే చేతిలోని ఫోనులో వాడు ఎలా ఉండాలో బడి చెప్పవచ్చా?

చెప్పకూడదని నా అభిప్రాయం. ఆ మాట అనడం నాకు తేలిక కాదు. తెలుగునాట చదువు ఇంతమందికి అందిందంటే అందులో మత సంస్థల చలవ చాలా ఉంది. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో బడి తెరిచాడు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885 నాటిది. విజయవాడ లయోలా కళాశాలను జెస్యూట్ ఫాదర్లు పెట్టారు. వాటిలో చదువుకుని పైకొచ్చినవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. తన విశ్వాసం ప్రకారం బడి నడుపుకునే స్వేచ్ఛ మత సంస్థకు ఉండాలి. అల్పసంఖ్యాక వర్గాలకు రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చిన హక్కును నేను ఇసుమంత కూడా తగ్గించమనను. ఆ హక్కు గేటు బయట ఎంతదూరం నడవగలదన్నదే నా ప్రశ్న.

దీన్ని దాపరికం లేకుండా, పూర్తిగా ఆచరణలో పెట్టి చూసిన చోటు ఒకటి ఉంది. అమెరికాలో యూటా రాష్ట్రం, ప్రోవో పట్టణంలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం. అది మోర్మన్లు అనే మతశాఖ చర్చిది. ముప్పై వేలమందికి పైగా చదువుతారు. అక్కడ చేరే ప్రతి ఒక్కరూ ‘ఆనర్ కోడ్’ అనే నియమావళికి కట్టుబడతామని ఒప్పుకోవాలి. మద్యం, పొగాకు సరే, కాఫీ టీలు కూడా ముట్టకూడదు. పెళ్లికి ముందు శారీరక సంబంధం కూడదు. మగపిల్లలు గడ్డం పెంచకూడదు. ఇవి ఆవరణలోనే కాదు, బయట కూడా వర్తిస్తాయి. ఊళ్లో అద్దెకుండే అపార్ట్‌మెంట్లలో కూడా ఆడపిల్లల పడకగదిలోకి మగపిల్లలు, మగపిల్లల పడకగదిలోకి ఆడపిల్లలు వెళ్లకూడదు. రాత్రి ఫలానా వేళ దాటాక అతిథులు ఉండకూడదు. వీటన్నిటి మీదా ఏటా మతపెద్ద దగ్గర ధ్రువీకరణ తెచ్చుకోవాలి.

2011 మార్చిలో ఆ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ జట్టు దేశంలో మూడో స్థానంలో ఉంది. సరిగ్గా అప్పుడే బ్రాండన్ డేవీస్ అనే ముఖ్య ఆటగాణ్ణి నియమం తప్పాడని మిగతా సీజన్‌కు పక్కన పెట్టారు. కప్పు కన్నా ఇచ్చిన మాట గొప్పదని నిలబడ్డారని చాలామంది మెచ్చుకున్నారు. ఆ నిబద్ధతను నేనూ గౌరవిస్తాను. కానీ ఇరవై ఏళ్లు నిండని కుర్రాడి ఆంతరంగిక విషయం దేశమంతా పత్రికలకెక్కింది. దాన్ని అతని తల్లి ఎలా భరించి ఉంటుందో ఆలోచించండి.

అసలు దెబ్బ 2016లో బయటపడింది. లైంగిక దాడికి గురైన విద్యార్థినులు ఫిర్యాదు చేస్తే, విశ్వవిద్యాలయం వాళ్ల నడవడి మీదే విచారణ మొదలుపెట్టిందని వరసగా వెల్లడైంది. ఆ వేళప్పుడు అక్కడికి ఎందుకు వెళ్లావు, ఏం తాగావు, గదిలోకి ఎవరు రానిచ్చారు? దాడికి గురై వచ్చిన పిల్ల ముందుగా జవాబు చెప్పుకోవలసినవి ఇవీ. ఈ భయంతో నోరు మెదపనివాళ్లూ ఉన్నారు. దీన్ని తవ్వి తీసిన సాల్ట్ లేక్ ట్రిబ్యూన్ పత్రికకు 2017లో పులిట్జర్ బహుమతి వచ్చింది. విశ్వవిద్యాలయం కూడా మొండికెయ్యలేదు. తానే ఒక సంఘం వేసింది, అది 23 సిఫార్సులు చేసింది, దాడి జరిగిందని చెప్పుకున్నవారిపై ఆ సందర్భంలోని నియమ ఉల్లంఘనకు చర్య ఉండదని విధానం మార్చుకుంది.

ఆ నియమాలు పెట్టినవాళ్లు దుర్మార్గులు కారు. పిల్లలు పాడవకూడదనే పెట్టారు. ఆ మంచి ఉద్దేశమే, గేటు దాటి నిఘాగా మారాక, ఆపదలో ఉన్న పిల్లకు బడి తలుపు మూసేసింది. నాకు భయం కలిగించేది అదే.

ఆ వ్యవస్థలో ఇంకొకటి కూడా నా మనసుకు పట్టింది. మోర్మన్ కానివారు అక్కడ నిక్షేపంగా చదువుకోవచ్చు. మోర్మన్‌గా చేరి, మధ్యలో ఆ విశ్వాసం వదులుకున్నవారికి మాత్రం ధ్రువీకరణ దొరకక చదువు ఆగిపోతుంది. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో మనసు మారడం సహజం. మారిన మనసును చదువు పోతుందన్న భయంతో దాచుకుని ప్రార్థనకు వెళ్లే కుర్రాడి వల్ల ఏ మతానికి మేలు?

ఇష్టపడే సంతకం పెట్టారు కదా అంటారు. విశ్వవిద్యాలయంలో ఆ వాదానికి కొంత బలం ఉంది. బడిలో ఏముంది? అక్కడ సంతకం తండ్రిది, శిక్ష పిల్లవాడిది.

మన పక్కనే కేరళలో జరిగింది చూడండి. 2017లో తిరువనంతపురంలోని ఒక క్రైస్తవ పాఠశాలలో పోటీలో బాగా రాణించిన అమ్మాయిని పై తరగతి కుర్రాడు అభినందనగా కౌగిలించుకున్నాడు. అది ఆవరణలో జరిగింది, బడి అడగడంలో తప్పులేదు. కానీ విషయం అక్కడ ఆగలేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ పిల్లలు పెట్టుకున్న ఫొటోలు కూడా నేరారోపణలో చేరాయి. నెలల తరబడి ఇద్దరికీ తరగతులు పోయాయి. బాలల హక్కుల కమిషన్ కుర్రాణ్ణి రానివ్వమంటే, డిసెంబరులో హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసి ప్రిన్సిపాల్ అధికారాన్నే సమర్థించింది. చివరికి ఎంపీ శశి థరూర్ మధ్యవర్తిత్వంతో రాజీ కుదిరి అతను పరీక్షలు రాయగలిగాడు. పెద్దమనిషి కల్పించుకోకపోతే ఆ ఏడాది ఏమయ్యేదో!

చట్టం ఆదుకుంటుందా? అమెరికాలో 2021లో మహనాయ్ కేసు వచ్చింది. శనివారం పూట ఒక దుకాణం దగ్గర నిలబడి స్నాప్‌చాట్‌లో బడిని తిట్టిన అమ్మాయిని ప్రభుత్వ పాఠశాల శిక్షిస్తే, అది చెల్లదని సుప్రీంకోర్టు 8-1 తేడాతో చెప్పింది. ఆ రక్షణ ప్రభుత్వ బడి పిల్లలకే. ప్రైవేటు మత పాఠశాలకు వర్తించదు. మన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ మానసిక వేధింపును కూడా నిషేధించింది. అయితే అల్పసంఖ్యాక వర్గాల బడులకు ఆ చట్టం వర్తించదని 2014లో మన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది. ఎక్కడ నియమాలు ఎక్కువో అక్కడే పిల్లవాడికి ఆసరా తక్కువైంది. కాబట్టి ఆ హద్దు గీసుకోవలసిన బాధ్యత సంస్థల మీదే మరింత పడుతుంది.

హద్దు ఎక్కడ గియ్యాలన్నదానికి మన చట్టంలోనే ఒక దారి ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో తెచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం విద్యాసంస్థ లోపలా బయటా ర్యాగింగ్‌ను నిషేధించింది. తోటి విద్యార్థికి హాని జరిగితే అది బస్టాండులో జరిగినా, వాట్సాప్ గ్రూపులో జరిగినా బడి కల్పించుకోవాలి. ఆ పిల్ల మర్నాడు అదే తరగతిలో, ఏడిపించినవాడి పక్క బెంచీలోనే కూర్చోవాలి మరి. ఎవరికీ హాని లేని చోట, ఆదివారం గుడికి వెళ్లాడా, చర్చికి ఎగ్గొట్టాడా, ఏ సినిమా చూశాడు, ఎవరితో టీ తాగాడు అన్నవి తల్లిదండ్రులకు, అతని మనస్సాక్షికి వదిలెయ్యాలి.

వేద పాఠశాలలనూ, పాస్టర్లను, మౌల్వీలను తయారుచేసే శిక్షణాలయాలనూ నేను ఇందులో కలపడం లేదు. తిరుమల ధర్మగిరి వేద పాఠశాలలో చదివే విద్యార్థికి శిఖ, సంధ్యావందనం అతను నేర్చుకునే విద్యలో భాగం. లెక్కలూ సైన్సూ చెప్పే బడికి ఆ వాదన కుదరదు.

శాసనం లేకపోతే శీలం ఎలా వస్తుందని అడిగేవారికి రఘుపతి వెంకటరత్నం నాయుడు గారిని గుర్తుచేస్తాను. 1904 నుంచి 1919 దాకా కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. బోగంమేళాలకు వ్యతిరేకంగా ఉద్యమం నడిపారు, దళిత విద్యార్థులకు చోటిచ్చారు, అనాథలను చేరదీశారు. చిన్నవయసులోనే భార్య పోయినా మళ్లీ పెళ్లాడక, తెల్లటి దుస్తుల్లో జీవితమంతా గడిపారు. ఆయన పలుకుబడి శిష్యుల ఇళ్లదాకా, ముసలితనం దాకా వెంట నడిచింది. అది ఆయన బతుకు చూసి కలిగిన గౌరవం.

చివరగా ఒక పని. టీసీలో ‘ప్రవర్తన’ అని ఒక గడి ఉంటుందని మీకందరికీ తెలుసు. అందులో రాసే ఒక్క మాట పిల్లవాడికి మరో బడి తలుపు తెరవగలదు, మూయగలదు. బడి బయట, ఎవరికీ హాని చెయ్యని నడవడిని ఆ గడిలోకి ఎక్కించబోమనీ, దాన్ని సాకుగా చూపి టీసీ, మార్కుల జాబితా ఆపబోమనీ మత సంస్థల యాజమాన్యాలు రాతపూర్వకంగా ఒప్పుకోవాలని కోరుతూ తీర్మానం ముసాయిదా సిద్ధం చేశాను. ప్రతులు ముందు వరసలో ఉన్నాయి. మధ్యాహ్నం సమావేశంలో చర్చకు పెడతాను. ఫాదర్లు, మౌల్వీ సాహెబులు, ధర్మకర్తలు ఈ సభలో ఉన్నారు. వారి అభ్యంతరాలే ముందు వినాలని నా కోరిక. సవరణలు ఉంటే భోజనాలలోపు కార్యదర్శి గారికి రాసి ఇవ్వండి.