స్మార్ట్ కార్డు – యంత్రం పక్కన నిలబడే మనిషి
(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



స్మార్ట్ కార్డును చూసి భయపడేవారూ ఉన్నారు, మురిసిపోయేవారూ ఉన్నారు. ఏ అభిప్రాయానికి వచ్చేముందైనా అది పనిచేసే తీరును గ్రహించడం మన విధి.

ఈ కార్డుకు ప్రాణం దానిలో పొదిగిన చిప్. ఫ్రాన్సు దేశీయుడు రోలాన్ మొరెనో ఇటువంటి కార్డుకు 1974లో పేటెంటు దాఖలు చేశాడు. పాత బ్యాంకు కార్డు వెనుక అయస్కాంత పట్టీ ఉండేది. దానిలోని సమాచారాన్ని మరొక కార్డుకు ఎక్కించడం మోసగాడికి సులభం. చిప్ అలా కాదు. యంత్రం ప్రతిసారీ ఒక కొత్త సంఖ్యను పంపుతుంది. చిప్ తనలోని రహస్య సంకేతంతో లెక్కకట్టి జవాబిస్తుంది. జవాబు బయటకు వస్తుంది గాని రహస్యం బయటకు రాదు. నిన్నటి జవాబు నేడు చెల్లదు. దగ్గర పెడితే చాలు పనిచేసే కార్డులో బ్యాటరీ సైతం ఉండదు. యంత్రం వెలువరించే రేడియో తరంగాల నుండే దానికి విద్యుచ్ఛక్తి లభిస్తుంది.

సొమ్ము లెక్క ఎక్కడ ఉంటుందన్నది రెండవ విషయం. 2002లో ప్రారంభమైన ఢిల్లీ మెట్రో ప్రయాణ కార్డులో నిల్వ సొమ్ము కార్డులోనే నమోదై ఉంటుంది. ఎక్కిన స్టేషను ప్రవేశద్వారం వద్ద నమోదవుతుంది. దిగిన చోట చార్జీ తగ్గుతుంది. ప్రతిసారీ బ్యాంకును అడగనవసరం లేదు కనుక జనం ఆగకుండా సాగిపోతారు. బ్యాంకు కార్డు విషయంలో సొమ్ము ఖాతాలోనే ఉంటుంది. కార్డు దానికి తాళంచెవి మాత్రమే. 2019 మార్చిలో ప్రవేశపెట్టిన నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు ఈ రెండు పద్ధతులను ఒకే చిప్‌లో చేర్చింది.

ఇక మన తెలుగునేల అనుభవం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధి హామీ కూలి, సామాజిక పింఛన్ల చెల్లింపునకు 2006లో స్మార్ట్ కార్డుల పథకాన్ని ప్రారంభించింది. కార్డులు రాని చోట కూలి డబ్బు తపాలా కార్యాలయాల ద్వారానే అందేది. కొత్త పద్ధతిలో గ్రామంలోనే ఒక మహిళ చేతి యంత్రంతో కూర్చునేది. కార్డులో భద్రపరచిన వేలిముద్రతో కూలీ వేలిముద్రను యంత్రం సరిపోల్చేది. సరిపోతే ఆమె డబ్బు ఇచ్చి రసీదు అందించేది. కొన్ని యంత్రాలు లెక్కను తెలుగులో పలికేవి కూడా.

మురళీధరన్, నీహాస్, సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు 8 జిల్లాలలో జరిపిన పరిశోధనను 2016లో ప్రకటించారు. చెల్లింపులు త్వరపడ్డాయి, మధ్యలో స్వాహా అయ్యే సొమ్ము తగ్గింది అని వారు తేల్చారు. తపాలా ఉద్యోగులమైన మనకు ఇది చేదుగా ఉండవచ్చు. అయినా పేదవాని కూలి అతని చేతికి అందడాన్ని మనం కాదనలేము. కాని ఇంకొక సంగతి కూడా గమనించాలి. పథకం అమలైన మండలాలలో రెండేళ్ల తరువాత కూడా సుమారు సగం చెల్లింపులే కార్డుల ద్వారా జరిగాయి. పైగా అక్కడ మారినది యంత్రం ఒక్కటే కాదు. డబ్బు పంచే మనిషి ఊరిలోకే వచ్చింది. ఆ మేలులో చిప్‌కూ వంతు ఉంది, ఆ మహిళకూ వంతు ఉంది.

రైల్వేలో జరిగినదీ ఇటువంటిదే. ప్రయాణికుడు స్మార్ట్ కార్డుతో తానే టికెట్ తీసుకొనాలని ఏటీవీఎం యంత్రాలు పెట్టారు. కొంత కాలానికి వాటి పక్కన విశ్రాంత రైల్వే ఉద్యోగులను కమిషన్ పద్ధతిపై సహాయకులుగా నియమించవలసి వచ్చింది.

కాబట్టి సోదరులారా, యంత్రం మనిషిని పూర్తిగా తొలగించలేదు. అతని ఉద్యోగ షరతులను మార్చింది. జీతం కమిషన్ అయింది. మన పోరాటం కార్డుపై కాదు, ఆ మార్పుపైన.

మనం కోరవలసినవి మూడు. యంత్రం పక్కన నిలిచే పని పర్మనెంటు ఉద్యోగమై ఉండాలి. యంత్రం లెక్క తప్పితే ఆ లోటును కౌంటరు ఉద్యోగి జీతంలో కోయరాదు. పార పట్టి అరిగిన వేలిని యంత్రం గుర్తించకపోతే, ఆ కూలీని వట్టిచేతులతో పంపకుండా మరొక పద్ధతిలో చెల్లించే అధికారం ఉద్యోగికి వ్రాతపూర్వకంగా ఇవ్వాలి.

మన బాధ్యత కూడా ఒకటి ఉంది. రసీదు చేతికిచ్చి, దానిలోని అంకెను చదువు రానివారికి బిగ్గరగా చదివి వినిపించండి. ప్రజలు మన పక్షాన నిలిచేది అందువల్లనే.