మా కొండ అడవి - పండ్రెండు మాసములు



మా ఊరిచెంత నున్న అడవిని గూర్చియు, దాని నడుమ పోవు కాలిబాటను గూర్చియు, ఆ రెండింటిని ఏటి పొడుగున ఛాయాపటములుగా తీయబోయి నేను నేర్చుకొన్న పాఠములను గూర్చియు నేడు మీకు విన్నవింపదలచితిని. నేను బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. ఛాయాగ్రహణము నాకు జీవనోపాధి కాదు. నా జీతములో కొంతయు, నా ఇల్లాలి ఓర్పులో మరికొంతయు హరించిన వ్యసనము. కావున గొప్ప కళాకారులు చెప్పదగిన రహస్యములు నాయొద్ద లేవు. ఒక తప్పు చేసి దిద్దుకొన్నవాని మాటలుగా వినవేడెదను.

మాది చంద్రగిరి ప్రాంతము. వాకిట నిలిచి ఉత్తరముగా చూచినచో శేషాచలపు కొండలు గోడ కట్టినట్లు కనుపించును. ఈ కొండలలో శ్రీ వేంకటేశ్వర జాతీయవనము 1989 లో ఏర్పడినది. 2010 లో శేషాచల ప్రాంతమంతయు జీవావరణ రక్షితప్రదేశముగా ప్రకటింపబడినది. శ్రీనివాసమంగాపురమునకు ఆవల, కొండపాదమునుండి తిరుమలకు ఎక్కు మెట్లదారిని శ్రీవారిమెట్టు అందురు. దూరము రమారమి రెండు కిలోమీటర్లు. మెట్లు 2,300 కు పైబడి యుండును. చంద్రగిరి దుర్గమునుండి రాజులు ఈ త్రోవనే స్వామిదర్శనమునకు పోయెడివారని మా పెద్దలు చెప్పుదురు. 1944 లో మొదటి ఘాటుబాట తెరువబడువరకు రాజైనను పేదయైనను కాలినడకనో డోలీలోనో కొండ యెక్కవలసినదే. నాటినుండి మోటారులు పెరిగినవి. అయినను నడచువారు తగ్గలేదు. ఈ దారియే నా బడి. దీనిని విడిచి అడవిలోనికి నేను పోలేదు. పోవుటకు అనుమతియు లేదు, అవసరమును లేదు.

ఇక నా తప్పు చెప్పెదను. చాల ఏండ్లక్రిందట ఫాల్గుణమాసమున ఒక ఉదయము ఈ మెట్లపైనుండి ఒక పటము తీసితిని. చెట్లకు ఆకు లేదు. కొమ్మలు ఎండిన చేతులు చాచినట్లుండెను. బాటనిండ ఎండుటాకులు. దూరమున ఒంటరిగా ఒక ముసలి యాత్రికుడు. పటము చక్కగా కుదిరినదని గర్వపడి ఒక పత్రికకు పంపితిని. వారు దానిని పెద్దదిగా అచ్చువేసి, శేషాచలము ఎండి నశించుచున్నదను అర్థము వచ్చునట్లు పైన శీర్షిక పెట్టిరి. నేనట్లు వ్రాసి పంపలేదు. కాని అది సరికాదని మరల వ్రాయనును లేదు. పేరు అచ్చుపడిన సంతోషమున మిన్నకుంటిని.

కొండపాదమున మజ్జిగ అమ్ము అవ్వ యొకతె యుండెడిది. ఆమె మనుమడు ఆ పత్రికను ఆమెకు చూపినాడట. మరుసటి ఆదివారము నన్ను చూడగానే, "ఏం అయివారూ, నిద్దరబోతా ఉండేవాణ్ణి జూపించి సచ్చిపోయినాడని ఊరంతా సెప్తిరే! ఒక నెల తాళి రాండి, లేసి కూసోనుంటాడు" అన్నది.

నెల తాళి పోయితిని. నేను ఎండుచేతులని భ్రమసిన కొమ్మలన్నియు రాగిరంగు చిగుళ్లు తొడిగి యుండెను. అదే మెట్టుమీద నిలిచి మరల పటము తీసి, రెండును ప్రక్కప్రక్కన పెట్టుకొని చూచితిని. నాకు తలవంపైనది. మొదటి పటములో అబద్ధము ఒక్కటియు లేదు. అయినను దానిని చూచినవారందరు అబద్ధమునే నమ్మిరి. అడవి ఏటి పొడుగున పలుకు వాక్యములో నేను ఒక్క మాట కోసుకొని పోయి లోకమునకు చూపితిని. ఆనాటినుండి ఒంటి పటమును ఎవ్వరికిని ఈయరాదని నియమము పెట్టుకొంటిని.

ఈ నియమము నేను కనిపెట్టినది కాదు. ఒకే తావున నిలిచి, కాలము గడచిన కొలది మరల మరల పటము తీసి పోల్చి చూచు పద్ధతి శాస్త్రజ్ఞులకు చిరపరిచితము. 1880 ల చివర సెబాస్టియన్ ఫిన్‌స్టర్‌వాల్డర్ అను జర్మను గణితవేత్త ఆల్ప్స్ పర్వతములలోని హిమానీనదముల మార్పులను ఈ విధముగా కొలుచుటకు పూనుకొనెను. మంచునదికి పనికివచ్చిన ఉపాయము మా మెట్లదారికి ఏల పనికిరాదు?

దారిలో మూడు తావులు ఎన్నుకొంటిని. మొదటిది కొండపాదమున, రెండవది వాగు అడ్డము వచ్చు మలుపున, మూడవది క్రింది మైదానమంతయు కనుపించు పై మెట్టున. ప్రతి నెల మొదటి ఆదివారము, ఉదయము ఏడుగంటలకు మొదటి పటము. రాతిమీద సున్నపు గుర్తు పెట్టుటకు మనసొప్పలేదు. స్వామికొండను పలకగా వాడుకొనుట పాడి కాదు. అందుచే దగ్గరి బండ అంచును దూరపు కొండనొక్కుతో కలిపి చూచి నిలుచుచోటు నిర్ణయించుకొంటిని. ఆ రెండును ఒకదానిపై నొకటి వచ్చినప్పుడు నేను నిలిచినది సరియైన తావు. కెమెరా ఎత్తునకు నా చేతికఱ్ఱయే కొలబద్ద. ఇంతకంటె పరికరము అక్కరలేదు.

ఇట్లు చేయగా మొదట తెలిసినది, మా అడవి పంచాంగముననుసరించి నడువదని. పంచాంగమున శ్రావణ భాద్రపదములు వర్షర్తువు. మా కొండలకు ఆ మాసములలో వానలు కొంత పడును గాని, పెద్ద వానలు ఈశాన్య ఋతుపవనముతో ఆశ్వయుజ కార్తికములలో వచ్చును. పాఠ్యపుస్తకములలో శరత్తు తెల్లని మేఘముల కాలము. మా వాగులకు పొంగుకాలము. నా పటములలో అన్నింటికంటె పచ్చనివి నవంబరు, డిసెంబరు మాసములవి.

మార్గశిరమున మంచు లోయనుండి లేచి మెట్లమీదికి వచ్చును. మంచును పటము తీయుట సులభమనుకొందురు. కాని కెమెరా తెల్లని దానిని చూచి వెలుతురు ఎక్కువైనదని భ్రమపడి దానిని బూడిదరంగు చేయును. కొంత వెలుతురు మనమే అదనముగా ఈయవలెను. ఇది నాకు మూడు మార్గశిరములు గడచినపిమ్మట గాని తెలియలేదు.

మాఘ ఫాల్గుణములలో ఆకు రాలును. నీరు తక్కువైనప్పుడు ఆకు మోయుట చెట్టునకు నష్టము. ఆకుద్వారా నీరు ఆవిరియై పోవును గనుక రాల్చి తన్ను తాను కాపాడుకొనును. అవ్వ నిద్ర అన్నది దీనినే. ఈ నిద్రలోనే కొండగోగు పూయును. ఒక్క ఆకైనను లేని కొమ్మల చివరలందు అరచేయంత పసుపుపచ్చని పూలు! ఆకులుండగా కానరాని కొండ యెముకలు, అనగా బండల వరుసలు, వాగుల చాళ్లు, పాతబాటల గుర్తులు ఈ రెండు మాసములలోనే స్పష్టముగా కనుపించును. అడవిని అందముగా చూపుటకు కార్తికము మంచిది. అడవిని చదువుటకు ఫాల్గుణము మంచిది.

వైశాఖమున రేల పూయును. ఎఱ్ఱచందనపు చెట్లకు క్రొత్త ఆకులును, సన్నని పసుపుపూలును వచ్చునది వేసవిలోనే. అప్పటి ఎండకు తొమ్మిదిగంటల పిమ్మట పటము తీయుట వృథా. నీడలు మసివలె నల్లబడును, బండలు సున్నమువలె తెల్లబడును. వేసవిలో మరియొక భయము కలదు: కార్చిచ్చు. 2014 మార్చిలో ఈ కొండలు అంటుకొన్నప్పుడు వాయుసేనవారి హెలికాప్టరులను రప్పింపవలసి వచ్చినది. ఎండుగడ్డిమీద పడిన చుట్టముక్క ఒక్కటి చాలును. కాలిన నేల మొదటి వానకే పచ్చనగును; చూచువారు "అడవి కోలుకొన్నది" అందురు. అయితే ఆ పచ్చదనము గడ్డిదా, మొలకలదా యని పటములు వరుసగా పెట్టి చూచినగాని తెలియదు. కార్తికపు పచ్చదనమును ఇంతే. అందులో మన చెట్ల పచ్చదనమెంతయో, వెలినుండి వచ్చి అల్లుకొన్న లంటానా పొదల పచ్చదనమెంతయో ఒంటి పటము చెప్పదు. ఎండిన పటము మనలను ఊరక భయపెట్టినట్లే, పచ్చని పటము ఊరక ఊరడించును.

వెలుతురును తావు మార్చును. జూన్ మాసమున సూర్యుడు తూర్పునకు ఉత్తరముగా ఉదయించును, డిసెంబరున దక్షిణముగా. రెండవ తావున ఉత్తరముఖముగా ఒక బండ కలదు. చలికాలమంతయు నల్లగా నుండు ఆ బండ వేసవి ఉదయములలో మాత్రము రాగిపళ్లెమువలె మెరయును. తెలియక నేను మొదటి యేడు దానిని వేరొక బండ యనుకొని తావు తప్పితినని కంగారుపడితిని.

ఇప్పుడు నా మనసున నాటిన సంగతి చెప్పెదను. 2021 నవంబరులో తిరుపతి ప్రాంతమున కురిసిన కుంభవృష్టి మీలో పలువురకు జ్ఞాపకముండును. ఆ వరదలకే శేషాచలమునకు ఆవల చెయ్యేటిమీది అన్నమయ్య ఆనకట్ట తెగినది. శ్రీవారిమెట్టు దారియు చాలచోట్ల పాడైనది. రాళ్లు దొర్లిపడి మెట్లు విరిగినవి. మరమ్మతులు జరిగి 2022 మే నెలలో దారి మరల తెరువబడువరకు నా ఆదివారములు ఇంటనే గడచినవి.

పని లేక పాతపటములను నేలపై పరచి చూచుచుంటిని. వాగు మలుపున తీసిన వరుస పట్టుకొని ఏటికేటికి పోల్చితిని. ప్రతి వానకాలమునకు పిమ్మట తీసిన పటములో ఒకే మూల, మెట్టు అంచున, కొన్ని రాళ్లు వచ్చి చేరియుండెను. మొదటి యేడు పిడికెడంతవి. మరుసటి యేడు తలకాయంతవి. ఆపై యేడు అంచు క్రింది మట్టి జారి ఒక వేరు బయటపడినది. నీరు తన దారి తాను వెదకికొనుచున్న వైనమంతయు నా చేతిలోనే యుండెను. నేను చూడలేదు. నేను పూలను చూచుచుంటిని, మంచును చూచుచుంటిని. కెమెరా మాత్రము చూచి, చెప్పకుండ దాచియుంచినది.

ముందే చూచియుంటే వరద ఆగియుండెడిదని నేననను. అంత వానను ఎవరాపగలరు? కాని పటము తీయుట వేరు, పటమును చూచుట వేరు అని ఆనాడు తెలిసినది. నాటినుండి క్రొత్త పటము తీసిన సాయంకాలమే క్రిందటి యేటి పటముతో పోల్చి, కనబడిన భేదమును ఒక పుస్తకమున తేదీతో వ్రాయుచున్నాను. దారి తెరచిన పిమ్మట మలుపు తావునకు పోయి చూడగా, నేను గుర్తుగా పెట్టుకొన్న బండ లేదు. కొండనొక్కు మాత్రమున్నది. పాత పటమును చేతబట్టుకొని, దానితో సరిచూచి, మరల నా తావును నిర్ణయించుకొంటిని. ఆ మలుపునకు అది మొదటి పటము వంటిదే.

యువకులకు ఒక హెచ్చరిక చేయవలసి యున్నది. ఈనాటి చేతిఫోను పటముతోపాటు ఆ తావు అక్షాంశ రేఖాంశములను గూడ దానిలోపల వ్రాసియుంచును. మా కొండలలో ఎఱ్ఱచందనము కలదు. మొసలిచర్మమువలె గళ్లుగా పగిలిన బెరడు చూచి ముచ్చటపడి పటము తీసి పదిమందికి పంపుదురు. ఆ పదిమందిలో ఒకడు గొడ్డలివానికి పంపవచ్చును. కావున అరుదైన చెట్టు పటమును పంపునప్పుడు ఆ వివరమును తొలగించి పంపుడు. చెట్టు అందమును చూపవచ్చును గాని దాని ఇంటిదారి చూపరాదు.

శ్రోతలారా, మీ యూరిచెంత శేషాచలము లేకపోవచ్చును. చింతతోపు ఉండును. చెరువుగట్టు ఉండును. పొలమునకు పోవు పుంతదారి ఉండును. ఒక తావున నిలుచుండి నెలకొక పటము తీయుడు. వెనుకను తేదీ వ్రాయుడు. చెట్టు పేరు మీ యూరివారు ఏమందురో అడిగి అదియు వ్రాయుడు. పండ్రెండు నెలలు నిండువరకు ఆ చెట్టు బ్రదికినదనిగాని చచ్చినదనిగాని ఎవరికిని చెప్పకుడు.

మజ్జిగ అవ్వ ఇప్పుడు లేదు. ఆమె పటము నేను ఎన్నడును తీయలేదు. ప్రతి వారము కనుపించును గదా యని ఊరకుంటిని. ఆమె కూర్చుండు రాయి మాత్రము మొదటి తావు పటములన్నింటిలో ఎడమమూలను కనుపించుచున్నది. కొన్నింటిలో ఆమె కుండ అంచు పడినది. ఆ పటములను తీసి చూచుకొనునప్పుడు ఆమె మాట మరల వినబడును. ఆ మాటయే నేడు మీకు విన్నవించితిని.

సెలవు.