గుడి వరండాలో సాయంకాలపు బడి



శతాబ్ది పండుగవేళ మన పెద్దలు కట్టిన గుళ్లను, బళ్లను తలంచుకొనుట న్యాయమే. అయితే ఆ గుళ్ల నీడనే పెరుగుచున్న పిల్లలలో ఎందరు పదవ తరగతి దాటుచున్నారని కూడ మనలను మనము ప్రశ్నించుకొనవలెను.

1841లో రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు దొరలు బందరులో దిగిరి. 1843లో నోబుల్ గారు బడి తెరచి, 1865లో ఈ ఊరనే కన్నుమూయువరకు స్వదేశమునకు తిరిగి పోలేదు. ఆ బడిలో మొదట చదివినవారు అధికముగా అగ్రవర్ణముల పిల్లలు. పేటలకు అక్షరము చేర్చినవారు అటుపిమ్మట వచ్చిన గ్రామోపాధ్యాయులు. వారి జీతము స్వల్పము, బడి ఒక పాక. అయినను మన కుటుంబములలో అనేకము ఆ పంతుళ్లకు ఋణపడియున్నవి.

నేడు బళ్లున్నవి, మధ్యాహ్న భోజనమున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము పదునాలుగేండ్ల వరకు కాపుదల ఇచ్చుచున్నది. పదవ తరగతి పరీక్ష మాత్రము పదునైదవ ఏట వచ్చును! లెక్కలలోనో ఇంగ్లీషులోనో తప్పిన పిల్లవాడు గిలకలదిండిలో పడవ ఎక్కును, లేదా దివిసీమలో రొయ్యల చెరువు కాపలాకు పోవును. ఆడపిల్లకైతే సంబంధము చూచెదరు. ఫలితములు వచ్చిన కొలది వారములలోనే సప్లిమెంటరీ పరీక్ష జరుగును. ఆ కొద్దికాలములో ఫీజు కట్టించి, ప్రక్కన కూర్చుండి లెక్క చెప్పువారొక్కరున్న చాలును. ఆ బిడ్డ దారి మారును.

ఆ ఒక్కరు మన సంఘములో లేరా? పింఛను పుచ్చుకొనుచున్న ఉపాధ్యాయులు బందరులోను, గుడివాడలోను ఉన్నారు. అవనిగడ్డకు డి.యస్.సి. శిక్షణకై ఎక్కడెక్కడినుండియో యువతీయువకులు వచ్చుచున్నారు. వారిని వారమునకు రెండు సాయంకాలములు అడుగుదము. గుడి వరండా, దీపము, చాపలు సంఘమిచ్చును. స్త్రీల మైత్రి గుగ్గిళ్లు వండి పెట్టవచ్చును. చదువు చెప్పలేనివారు ఇద్దరు పిల్లలను తమవారిగా ఎంచుకొని, బడికి రానినాడు ఇంటికి వెళ్లి విచారింపవచ్చును. తిమోతిని అవ్వ లోయి, తల్లి యునీకే పెంచిరి, పౌలు చేయిపట్టి నడిపించెను. ఒకరి పని మరియొకరు చేయలేదు.

ఒక జాగ్రత్త. పెద్దలు ఒంటరిగా పిల్లలతో కూర్చుండరాదు. బడి తలుపు తెరచియుండవలెను, తలిదండ్రులు ఎప్పుడైనను వచ్చి చూడవచ్చును. ఒక నెల నడిపి మూసివేయుటకన్న మొదలుపెట్టకుండుటయే మేలు, ఏలయనగా పిల్లవాడు మరల ఎవరిని నమ్మును?

ఈ బడిలో కులమును, మతమును అడుగరాదు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు మనకు అన్నము పెట్టినవారు మన మతమడుగలేదు.

శతాబ్ది శిలాఫలకము గోడమీద నిలుచును. సంఘస్థులారా, వచ్చే ఆదివారము ఆరాధన పిమ్మట ప్రతి సంఘములోను ఒక పుస్తకము తెరచి, ఒక ప్రక్క పిల్లల పేర్లు, ఒక ప్రక్క చెప్పువారి పేర్లు వ్రాయుదము. రెండు వరుసలును సమానమగువరకు మన పండుగ ముగియలేదని యెంచుదము.