అమెరికాలో షెరీఫు కచేరి – ప్రజాసేవ

(సంఘ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను అమెరికా యాత్రానుభవములు చెప్పుమని కోరిరి. నయాగరా జలపాతమును గూర్చియు, న్యూయార్కు మేడలను గూర్చియు నాకంటె బాగుగ చెప్పగలవారు ఈ సభలోనే పదిమంది కలరు. మన పిల్లలలో సగముమంది అక్కడనే యున్నారు గదా! కావున ఆ సంగతులు వారికి విడిచి, యాత్రికులెవ్వరును చూడబోని యొక కచేరిని గూర్చి చెప్పదలచితిని. అది షెరీఫుగారి కచేరి. నేనును దానిని చూడబోలేదు. అదియే మా వీధికి వచ్చినది.

షెరీఫు అను మాట మన పెద్దలకు క్రొత్తది కాదు. చెన్నపట్టణమున చదువుకొన్నవారు మద్రాసు షెరీఫు పేరు వినియే యుందురు. 1726వ సంవత్సరపు రాజశాసనముతో మేయరు కోర్టులు ఏర్పడినపుడు ఆ పదవి మన తీరమునకు చేరినది. కోర్టు సమనులు అందజేయుట, తీర్పులు అమలు జరుపుట మొదట దాని పని. రానురాను అది పురప్రముఖులకు ఏడాదికొకరి చొప్పున కట్టబెట్టెడి గౌరవ పదవియై, పౌరులు కోరినపుడు బహిరంగ సభ పిలుచుటకును, అతిథులకు స్వాగతము పలుకుటకును మాత్రమే మిగిలి, 1998లో రద్దయినది. మాట పుట్టుక ఇంగ్లండుది. 'షైర్' అనగా జిల్లా, 'రీవ్' అనగా అధికారి. ఆ జిల్లాలో రాజుగారి శిస్తు వసూలు చేయువాడును, నేరస్థుని పట్టువాడును ఒక్కడే. అతని చేతి వాడి ఎంతటిదనగా, 1215 నాటి మాగ్నా కార్టాలో షెరీఫులను అదుపు చేయుటకే కొన్ని నిబంధనలు వ్రాయవలసి వచ్చినది.

అమెరికాకు వలసపోయినవారు ఈ పదవిని తమవెంట తీసికొనిపోయి, కాలక్రమమున రాజు చేతినుండి ప్రజల చేతికి మార్చిరి. అక్కడ అత్యధిక రాష్ట్రములలో షెరీఫును ప్రజలే ఎన్నుకొందురు. కౌంటీకొక షెరీఫు. కౌంటీ యనగా మన జిల్లా వంటిది, కాని చాల చిన్నది. దేశమంతటను సుమారు 3 వేలమంది షెరీఫులు కలరు. మా అమ్మాయి కాపురముండు ఉత్తర కెరొలీనా రాష్ట్రమున 100 కౌంటీలు, 100 మంది షెరీఫులు. 4 ఏండ్లకొకసారి ఎన్నిక. కౌంటీ జైలును నడుపుట, కోర్టునకు కాపలా కాయుట, అద్దె చెల్లింపనివారిని కోర్టు ఉత్తరువుపై ఇల్లు ఖాళీ చేయించుట, నగర పోలీసుల హద్దు దాటిన చోట్ల శాంతిభద్రతలు చూచుట వీరి విధులు. వీరి క్రింద పనిచేయువారిని డిప్యూటీలందురు.

ఇక 2022 నవంబరులో జరిగిన సంగతి. మా అమ్మాయి ఇంటికి నాలుగిండ్ల అవతల మన రాజమహేంద్రవరము వారి కుటుంబమొకటి కలదు. ఆ యింటి పెద్దాయన ఉపాధ్యాయుడుగ పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు. భార్య గతించిన పిదప కొడుకు వెంటబెట్టుకొని పోయెను. రెండేండ్లుగ ఆయనకు మరపు వ్యాధి. నన్ను చూచినపుడెల్ల "ఢిల్లీలో చలి ఎలా ఉందండీ?" అని అడిగెడివారు, అయిదు నిమిషములకు మరల అదే ప్రశ్న. ఒక సాయంకాలము కోడలు పిల్లవానికి అన్నము పెట్టుచుండగా ఆయన పంచె, పలుచని చొక్కాతో వీధి తలుపు తీసికొని వెడలిపోయిరి. నవంబరు చలి. అక్కడ వీధిలో నడచువారే అరుదు, ఎవరినైన అడుగుదమన్న మనిషి కనబడడు.

ఆ కుర్రవాడు పరుగెత్తుకొని మా యింటికి వచ్చి, "బాబాయిగారూ, 911కి ఫోను చెయ్యమంటారా?" అని నన్ను అడిగెను. ఇక్కడ నా తప్పును దాచుకొనక చెప్పవలెను. "పోలీసులెందుకు నాయనా, పెద్దాయన పరువు పోతుంది, మనమే వెతుకుదాం పద" అంటిని. ముప్పదియైదేండ్లు కేంద్ర ప్రభుత్వోద్యోగము చేసినవాడను, పోలీసు శాఖతో ఉత్తర ప్రత్యుత్తరములు నడిపినవాడను. అయినను వాకిట పోలీసు బండి నిలుచుటన్న నాకు అది అవమానముగనే తోచినది. ఆ బండి ఇంటికి వచ్చినదనగా మన ఊరిలో ఏమనుకొందురో మీకు తెలియును. 1861 నాటి పోలీసు చట్టము 1857 తరువాత ప్రజలను అణచియుంచుటకు వచ్చినది. దాని నీడ నా నరములలో ఎంత లోతుగ నున్నదో ఆ రాత్రి తెలిసికొంటిని. యాబది నిమిషములు మేము కార్లు వేసికొని వీధులు తిరిగితిమి. చివరకు నా భార్యయే ఫోను చేయించెను.

పది నిమిషములలో డిప్యూటీలు వచ్చిరి. వారిలో పెద్దవాడు కుర్రవానిని అడిగిన ప్రశ్నలు విని నాకు విసుగు కలిగినది. ఆయన ఏ యూరివారు, ఏ పని చేసిరి, ప్రతి సాయంకాలము ఎక్కడకు నడచి వెళ్లెడివారు? మనిషి కనబడుట లేదని మొత్తుకొనుచుండగా ఈ జాతకమంతయు ఎందుకని నా మనస్సున అనుకొంటిని. కుర్రవాడు, "రోజూ సాయంత్రం పుష్కర ఘాట్‌కి వెళ్ళేవారు" అని చెప్పి, అది గోదావరి రేవని వివరించెను. నది యను మాట వినగనే ఆ డిప్యూటీ ఇండ్ల వెనుకనున్న వాననీటి చెరువు వైపు ఇద్దరిని పంపెను. మరపు వ్యాధి గలవారు తరచుగ తమ పాత యింటికో, పాత కొలువునకో పోవుచున్నామనుకొని బయలుదేరుదురనియు, నీటి వైపు పోవుట కూడ కద్దనియు వారికి ప్రత్యేక శిక్షణలో నేర్పుదురట.

మాష్టారు చెరువు గట్టున తడిగడ్డిమీద కూర్చుండియుండిరి. యూనిఫారములను చూచి బెదరి లేవనొల్లరైరి. పెద్ద డిప్యూటీ తన టోపీ తీసి ప్రక్కనబెట్టి, ఆ తడిలోనే ఆయన చెంత కూర్చుండి, మమ్ము చేసైగతో పిలిచెను. నేను దగ్గరకు పోయి, "మాష్టారూ, పొద్దుపోయింది, ఇంటికి వెడదాం రండి" అంటిని. ఆయన నా ముఖము తేరిపార జూచి, "పడవ వచ్చిందా?" అని అడిగిరి. వచ్చినదంటిని. లేచి నా చేయి పట్టుకొనిరి. ఆ చేయి మంచువలె నుండెను. డాక్టరు మరునాడు, ఇంకొక గంట ఆలస్యమైయున్న ఏమి జరిగెడిదో చెప్పినపుడు నేను తలయెత్తలేకపోతిని.

వారము దినముల పిదప ఆ డిప్యూటీ మరల వచ్చెను. ఈ మారు వచ్చినది మాష్టారి చేతికి గడియారము వంటి పట్టీ కట్టుటకు. అందులోని చిన్న యంత్రము ఎడతెగక రేడియో సంకేతము పంపుచుండును. మనిషి కనబడకున్న, శిక్షణ పొందిన డిప్యూటీలు గ్రాహక యంత్రముతో ఆ సంకేతమును పట్టుకొని వెదకుదురు. ఈ పథకము 1999లో వర్జీనియా రాష్ట్రపు చెసపీక్ షెరీఫు కచేరిలో ఆరంభమై, 'ప్రాజెక్ట్ లైఫ్‌సేవర్' అను పేర ఇతర కౌంటీలకు ప్రాకినది. పట్టీ కంటె నాకు నచ్చినది దానిలోని బ్యాటరీ. అది కొలది వారములకు తరిగిపోవును. దానిని మార్చుటకు ఎవరో యొకరు ఇంటికి రాక తప్పదు. వచ్చినవారు ఊరక పోరు. పెద్దాయన ఎట్లున్నారో చూచెదరు, కోడలు అలసినదా అని అడిగెదరు. ఒక మారు కోడలు కాఫీ ఇచ్చినది. మాష్టారు ఆ డిప్యూటీకి ఎక్కములు చెప్పించిరి! బెదరిన మనిషికి ఆ ఖాకీ చొక్కా పరిచయమైనది.

నేను ఆయనను కూర్చుండబెట్టి మిగిలిన సంగతులును అడిగితిని. అన్నిటిలో నా మనస్సునకు పట్టినది ఉదయపు టెలిఫోను. ఒంటరిగ నివసించు వృద్ధులు పేరు వ్రాయించుకొన్న, ప్రతి ఉదయము నిర్ణీత వేళకు కచేరి నుండి గంట మ్రోగును. 'బాగున్నారా?' అను ప్రశ్న, అంతే. చాల చోట్ల అది యంత్రమే చేయు పిలుపు. తీయకున్న మరల మ్రోగించెదరు. అప్పటికిని తీయకున్న ముందుగ వ్రాసియిచ్చిన బంధువునకో పొరుగువారికో తెలిపెదరు. వారును దొరకకున్న డిప్యూటీ పోయి తలుపు తట్టును. ఇందులో ఏ విజ్ఞానశాస్త్రమును లేదు. చేయవలయునను తలంపే కావలెను.

ఇంకను పనులు కలవు. ఊరికి పోయినపుడు ఇంటిపై కన్నువేసి యుంచుట, మిగిలిపోయిన మందులను పెట్టెలో వేయించుకొని నాశనము చేయుట, చంటిపిల్లల కారు కుర్చీ సరిగ బిగించి చూపుట. ఇరుగుపొరుగువారే వీధిని కనిపెట్టియుండు 'నైబర్‌హుడ్ వాచ్' అనునది 1972లో జాతీయ షెరీఫుల సంఘము చేపట్టినదే. పౌరులకు సాయంకాలపు తరగతులు పెట్టి, జైలును, 911 గదిని లోపలికి తీసికొనిపోయి చూపెదరు. మా అల్లుడు పేరిచ్చి, రెండు తరగతులకు పోయి మానివేసెను. ఆ సంగతి ఇక్కడ చెప్పకూడదేమో.

ఒకటి మాత్రము విడువరాదు. అక్కడి మోసగాండ్రు షెరీఫు పేరుతోనే టెలిఫోను చేయుదురు. "నీవు జ్యూరీకి హాజరు కాలేదు, వారంటు పుట్టినది, వెంటనే గిఫ్ట్ కార్డులు కొని సంఖ్యలు చెప్పుము" అని బెదరింతురు. వృద్ధులు భయపడి కూడబెట్టినదంతయు ముట్టజెప్పుదురు. అందుచేత డిప్యూటీలు వృద్ధుల సంఘములకును, చర్చీలకును స్వయముగ పోయి, 'మేము ఫోనులో ఎన్నడును డబ్బు అడుగము' అని చెప్పివచ్చెదరు. ఇది విన్నపుడు మన 'డిజిటల్ అరెస్టు' జ్ఞప్తికి వచ్చినది. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగములో దీనిని గూర్చి హెచ్చరించిరి. ఫిర్యాదునకు 1930 సంఖ్య కలదు. అయినను మనవంటి విశ్రాంతోద్యోగులే దీనికి సులభముగ లొంగుచున్నారు. కారణము నాకు తెలియును. ఉత్తరువన్న తలవంచుట మనకు జీవితమంతయు అలవాటు. ముద్ర వేసిన కాగితము చూపిన చాలును.

మీలో కొందరు నేను అమెరికాను పొగడుచున్నానని నొచ్చుకొనవచ్చును. ఆ కచేరికి మరొక ముఖము కూడ కలదు. ఎన్నుకొనబడువాడు కనుక షెరీఫు చేయు సేవలో ఓట్ల లెక్క లేకపోలేదు. తలుపు తట్టి వృద్ధుని పలుకరించు ఆ చేయియే మరునాడు అద్దె కట్టలేని పేదవాని సామాను వీధిలో పెట్టించును. నల్లజాతివారు అనేకులకు ఆ బండిని చూచిన కలుగు భయము నా భయము కంటె పాతది, న్యాయమైనది. నేను చూచినది ఒక కౌంటీ, ఒక వీధి. అయినను ఒక కచేరి కష్టము రాకముందే వచ్చి కూర్చుండుట నేను కన్నులార చూచినది, కాదనలేను.

మన దేశమునను ప్రయత్నములు లేకపోలేదు. కేరళలో 2008లో జనమైత్రి పథకము పుట్టినది. హైదరాబాదున 2014లో స్త్రీల రక్షణకు షీ టీములు ఏర్పడినవి. ఈ ఢిల్లీలోనే పోలీసువారు వృద్ధుల పేర్లు నమోదు చేసికొందురు. 1291 అను సంఖ్య వారికొరకే యున్నది. ఈ సభలో ఎందరు నమోదు చేసికొంటిరని అడిగిన ఎన్ని చేతులు లేచునో! నేనును నిరుటి వరకు చేసికొనలేదు.

నిరుటి పుష్యమాసమున మన కాలనీలో జరిగినది మీరెరుగుదురు. ఆయన పేరు చెప్పను. పిల్లలు విదేశమున నున్నారు. రెండు దినములు పాల పొట్లములు గుమ్మములోనే పడియున్నవి. ఊరికి పోయియుందురని మనమందరము అనుకొంటిమి. అదే మెట్లపై నేను రెండు మారులు ఎక్కి దిగితిని. తలుపు తట్టలేదు.

పోలీసువారు చేయవలసినది వారు చేయుదురు గాక. ఉదయపు టెలిఫోనునకు మనకు షెరీఫు అక్కరలేదు. మన సంఘమున ఒంటరిగ నుండు పెద్దలు నాకు తెలిసి పదునేడుగురు. ఉదయము ఎనిమిది గంటలకు ఒకరు ఒకరికి ఫోను చేసిన చాలును. రెండు మారులు తీయకున్న అదే మెట్లవారు తలుపు తట్టవలెను. మారు తాళపుచెవి యొకటి నమ్మకమైన యింట నుండవలెను. తాళపుచెవి మాటకు కొందరు సంకోచింతురు. వారికి బలవంతము లేదు, టెలిఫోను మాత్రమే చేయుదము.

పులిహోర పెట్టిన బల్ల ప్రక్కన ఒక పుస్తకము ఉంచితిని. పిలుపు కావలసినవారు ఎడమ పుటలోను, పిలువగలవారు కుడి పుటలోను పేర్లు వ్రాయుడు. నా పేరు రెండు వైపులను వ్రాసికొంటిని. టెలిఫోను సంఖ్యలు కొంచెము పెద్దవిగ వ్రాయుడు. నా కన్నులకు చిన్న అంకెలు ఆనవు.